కొండ మీద నేను పెట్టని సంతకం

మొన్న మా కాలేజీ పాత విద్యార్థుల సభలో రెండో వరసలో కూర్చుని నా గురించిన కథ ఒకటి విన్నాను. చెప్పింది అనూరాధ. శాలువా కప్పించుకుని, మైకు కాస్త కిందికి వంచుకుని, ముందు కూర్చున్న ఆడపిల్లలకేసి చూస్తూ చెప్పింది. "ఒరిస్సా బోర్డర్ కొండల్లో మా సైకిల్ రైడ్. నేనూ, నా ప్రాణస్నేహితురాలు నాంచారమ్మా జంట. సగం దారిలో దానికి జ్వరం వచ్చేసింది. రోడ్డు పక్కన కూలబడిపోయింది. నిన్ను వదిలి వెళ్ళనన్నాను నేను. అది నా చెయ్యి పట్టుకుని, 'నువ్వు వెళ్ళవే, నాక్కూడా కలిపి నువ్వే తొక్కు' అంది. ఆ మాటే నన్ను ఇంతదాకా తీసుకొచ్చింది. ఇదిగో, ఆ నాంచారమ్మ ఇక్కడే ఉంది!" అంటూ నాకేసి చెయ్యి చాపింది. హాలంతా చప్పట్లు. పక్కనున్న ఒకావిడ నా భుజం తట్టి కళ్ళు తుడుచుకుంది. నేను లేచి నిలబడి అందరికీ దణ్ణం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలీదు. ఆ రోజు నాకు జ్వరం రాలేదు. నేనెవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆ మాట నేను అనలేదు.

ఇంటికొచ్చాక మూడు రోజులు ఏ పని మీదా మనసు నిలవలేదు. తెలుగు టీచరుగా ఇన్నేళ్ళు పిల్లల చేత వ్యాసాలు రాయించాను. ఆదివారం అనుబంధాలకి నేనూ అవీ ఇవీ రాశాను. పల్లె గురించి, తుఫాన్ల గురించి, మా నాయనమ్మ చుట్టల గురించి కూడా రాశాను. ఆ ఒక్కరోజు గురించి మాత్రం ఎప్పుడూ రాయలేదు. నా మట్టుకు నేను దాన్ని పాతిపెట్టేశాననుకున్నాను. అది ఇన్నేళ్ళూ మైకుల ముందు తిరుగుతోందని, అదీ వేషం మార్చుకుని తిరుగుతోందని మొన్ననే తెలిసింది.

మాది మంగినపూడి పక్కన చేపల పల్లె. అయ్య వేటకెళ్ళేవాడు, అమ్మ చేపలమ్మేది. తెలతెలవారుతుండగా పడవలు ఒడ్డుకి చేరేవి. అమ్మ చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని నీళ్ళలోకి దిగి, అయ్య వల దులుపుతుంటే రకాలవారీగా ఏరి గంపలో వేసేది. చేప మొప్ప ఎత్తి చూస్తే చాలు, ఎప్పుడు పడిందో చెప్పేసేది. నాయనమ్మ అప్పటికే ఇసకలో నెత్తళ్ళు ఎండబోసి, కాకుల్ని తోలే కర్ర ఒళ్ళో పెట్టుకుని, చుట్ట వెలిగించుకుని కూర్చునేది. మా ఇంట్లో ఉప్పు వాసన, ఎండుచేపల వాసన, చుట్ట పొగ, కిరసనాయిలు, ఇవన్నీ కలిసి ఒకే వాసన. అందులో పుట్టినవాళ్ళకి అది వాసనని తెలియదు. బందరు బస్సెక్కినప్పుడే తెలిసేది. కండక్టరు గంపలవాళ్ళని ఒకరోజు ఎక్కనిచ్చేవాడు, ఒకరోజు బస్సు ఆపకుండానే వెళ్ళిపోయేవాడు. ఆ బాధ పడలేక, నేను కాలేజీలో చేరిన ఏడాది అయ్య ఎక్కడో ఒక పాత మగ సైకిలు సంపాదించి, వెనక గంప కట్టడానికి ఇనుప చట్రం వేయించాడు. అప్పట్నుంచీ టౌన్లో వాడుకగా తీసుకునే నాలుగిళ్ళకి చేపలిచ్చే పని నాది. ఇచ్చేసి, కాలేజీ వెనక కుళాయి దగ్గర గంప కడిగి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, సంచీలోంచి ఉతికిన ఓణీ తీసి వేసుకుని క్లాసుకి పరిగెత్తేదాన్ని.

పది పదకొండు కిలోమీటర్ల దారి. తీరం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, పొద్దున్న నేల మీదనుంచి సముద్రానికి గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం మీదనుంచి నేలకి. నేను వెళ్ళేటప్పుడూ ఎదురే, వచ్చేటప్పుడూ ఎదురే. పొద్దున్న వెనక బరువు, ముందు గాలి. సీటు మీదనుంచి లేచి నిలబడి తొక్కితేగాని కదిలేది కాదు. అలా తొక్కీ తొక్కీ నా కాళ్ళు గట్టిపడ్డాయని నాకు తెలియదు. మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మాస్టారికి తెలిసింది. ఒకరోజు గేటు దగ్గర ఆపి, "ఏమ్మాయ్, ఏ ఊరు నీది? రోజూ అంత దూరం నుంచి ఇదేసుకొస్తున్నావా?" అని అడిగి, గంపకేసి కాసేపు చూసి, "సాయంత్రం గ్రౌండుకి రా" అన్నారు. ఆ ఏడాదే ఎవరో దాతలు కాలేజీకి లావు టైర్లు, గేర్లు ఉన్న సైకిళ్ళు నాలుగిచ్చారు. వాటిని ఎలా తొక్కాలో మాస్టారికీ పూర్తిగా తెలియదు. పుస్తకం చూసి నేర్చుకుని మాకు నేర్పారు.

అక్కడ పరిచయమైంది అనూరాధ. గుడివాడ పక్క పల్లెలో వాళ్ళకి పొలాలు, వాళ్ళ నాన్నగారంటే కాలేజీ కమిటీలో కూడా గౌరవం. బందరులో పిన్నిగారింట్లో ఉండి చదువుకునేది. పొడుగు మనిషి, మాట్లాడితే గలగల. నా దగ్గర చేపల వాసన వస్తోందని క్లాసులో ఇద్దరు జరిగి కూర్చుంటే, పుస్తకాలెత్తుకుని వచ్చి నా పక్కన కూర్చున్న పిల్ల అది. ఆదివారాలు మా ఇంటికొచ్చి అమ్మ చేసిన చేపల పులుసు వేడన్నంలో కలుపుకుని తినేది. "మీ పిన్నికి చెప్పొచ్చావా?" అని అమ్మ అడిగితే, "చెప్తే రానిస్తుందా పిన్నీ?" అని నవ్వేది. మా అమ్మని కూడా పిన్నీ అనే పిలిచేది. ఒకసారి నన్ను వాళ్ళూరు తీసుకెళ్ళింది. వాళ్ళ నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఎవరమ్మాయివని అడిగి, చెప్పాక ఇంకేం మాట్లాడలేదు. భోజనాల వేళ అందరికీ లోపల పీటలు వేసి, నాకు వసారాలో విస్తరి వేశారు. పప్పు, గుమ్మడికాయ పులుసు, గిన్నె నిండా గడ్డపెరుగు. నేను తల వంచుకుని తింటుంటే అనూరాధ తన విస్తరి ఎత్తుకొచ్చి నాకెదురుగా నేల మీద కూర్చుంది. లోపల్నించి ఎవరో "అనూ" అని గట్టిగా పిలిచారు. పలకలేదు. ఆ రోజునుంచీ ఆ పిల్ల ఏం చెప్తే నాకు అదే.

పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చినవాళ్ళు ఆటల గదిలో పుస్తకంలో సంతకం పెట్టాలి. పడవలు ఆలస్యమైన రోజున నేనూ ఆలస్యం. మూడుసార్లు తప్పితే జట్టులోంచి తీసేస్తామన్నారు. అనూరాధ నా సంతకం నేర్చుకుంది. నాంచారమ్మలో 'చా'కి నేను తీసే దీర్ఘం, చివర కింద గీసే గీత, అన్నీ అచ్చు దింపేసేది. ఒకరోజు పుస్తకంలో ఏది నేను పెట్టిందో, ఏది తను పెట్టిందో నాకే తెలియక ఇద్దరం నవ్వుకున్నాం.

మా దిక్కున కొండ అన్నది లేదు. కాలవ లాకుల దగ్గర వంతెన ఎక్కుడే మాకు పెద్ద ఎత్తు. మాస్టారు మమ్మల్ని ఆ వంతెన మీద ఎక్కించి దింపి, ఎక్కించి దింపి, తర్వాత కాలవ గట్ల మీద, ఆఖర్న మంగినపూడి ఇసకలో తొక్కించేవారు. రావిచెట్టు కింద సోడాబండి అతను మమ్మల్ని చూసి, "ఎక్కడికమ్మా వెళ్తారు, వెళ్ళి వెళ్ళి మళ్ళీ ఇక్కడికే వస్తున్నారు?" అని ఎగతాళి చేసేవాడు. చలికాలంలో కబురొచ్చింది. ఒరిస్సా సరిహద్దు కొండల్లో కాలేజీ అమ్మాయిలకి ఒక రోజు రైడు. పొద్దున్న బయల్దేరి, కొండెక్కి, అవతలి రాష్ట్రంలోకి దిగి, చుట్టి మళ్ళీ సాయంత్రానికి మన వైపు రావాలి. మొదట చేరిన రెండు జంటల్ని ఉత్తరాదిలో పెద్ద శిక్షణకి తీసుకుంటారు. అక్కడికి వెళ్ళినవాళ్ళకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దాదాపు ఖాయమని మాస్టారు చెప్పారు. అమ్మకి ఉద్యోగం అన్న ఒక్క మాటే అర్థమైంది. నాయనమ్మ ఎండబోసిన నెత్తళ్ళలో మంచివి ఏరి, వేయించి కారం కలిపి సీసాలో పోసిచ్చింది. రైల్లో అనూరాధ ఆ సీసా సగం ఖాళీ చేసి, కిటికీ బయటికి చూస్తూ, "ఈసారి సెలెక్టు కాకపోతే వేసవిలో నాకు పెళ్ళే. సంబంధం ఖాయం చేసేశారు నాంచీ" అంది. "అవుతాంలే, ఇద్దరం అవుతాం" అన్నాను.

కొండల్ని మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం కంటే భయం ఎక్కువ వేసింది. మా దగ్గర ఎటు చూసినా ఆకాశం నేలదాకా దిగుతుంది. అక్కడ ఆకాశం పైన కొంచెమే మిగిలింది. తెల్లారేసరికి మంచు, చేతులు కొంకర్లు పోతున్నాయి. పన్నెండు జంటలం. బయల్దేరేముందు నిర్వాహకుడొకాయన నియమాలు చదివాడు. జంట కలిసి బయల్దేరాలి, కలిసి చేరాలి. దారిలో రెండు పోస్టులు, అక్కడ పుస్తకంలో సంతకాలు. ఒకరు మధ్యలో మానుకుంటే, ఆమె ఒప్పుకుని సంతకం పెట్టిన చీటీ పోస్టులో ఇస్తేనే, రెండో అమ్మాయి తనలాగే ఒంటరిగా మిగిలిన ఇంకొకరితో కలవొచ్చు. నేను సగమే విన్నాను. మానుకునే మాట మాకు ఎందుకని.

ఎర్రమట్టి రోడ్డు. రెండు పక్కలా వలిసె పూలు పసుప్పచ్చగా, ఇంకా పైకి వెళ్తే కాఫీ తోటలు, నిటారుగా పెరిగిన చెట్ల కింద చీకటి. మిగతా అమ్మాయిలు మొదటి గంటలోనే దిగి నెట్టుకుంటూ నడుస్తున్నారు. నాకు ఆశ్చర్యంగా ఉంది. వెనక గంప లేదు, ముందు గాలి లేదు. కొండ అంటే ఇంతేనా అనిపించింది. అనూరాధ వెనకపడినప్పుడల్లా ఆగి, "నా వెనక చక్రమే చూస్తూ రా, పైకి చూడకు" అనేదాన్ని. ఎనిమిది జంటల్ని దాటేశాం. మొదటి పోస్టులో టీ తాగి, పక్కపక్కన సంతకాలు పెట్టాం. అక్కడి ఆయన "మీ ముందు మూడు జంటలే, ఏ ఊరమ్మా మీది?" అని అడిగితే ఇద్దరం ఒక్కసారే "బందరు!" అని అరిచాం.

ఇంకో గంట ఎక్కాక ఒక మలుపులో గేరు మారుస్తుంటే ఫటక్కుమంది. చెయిను తెగి పాములా రోడ్డు మీద పడింది. పిన్ను ఎటు ఎగిరిందో కనపడలేదు. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో వెతికాం. మా దగ్గర పనిముట్లు లేవు, అవి పోస్టుల్లోనే ఉంటాయన్నారు. అనూరాధ లేచి చేతులు దులుపుకుని, "నేను ముందుకెళ్ళి రెండో పోస్టులో చెప్పి మెకానిక్‌ని పంపిస్తా. నువ్వు ఇక్కడే ఉండు. కదిలావంటే మళ్ళీ నిన్ను వెతుక్కోవాలి" అంది.

"తొందరగా పంపు."

"పంపడం కాదు, వాళ్ళతో నేనే వస్తా" అని సైకిలెక్కింది.

మలుపు దాటుతూ వెనక్కి తిరిగి చెయ్యూపింది. ఆ చెయ్యూపడం నిజమే అయి ఉంటుంది. అప్పటికి తన మనసులో ఏమీ లేదనే నేనిప్పటికీ నమ్ముతాను.

కూర్చున్నాను. మేం దాటి వచ్చినవాళ్ళు ఒక్కొక్క జంటే నన్ను దాటి వెళ్ళారు. కాకినాడ అమ్మాయిలిద్దరు ఆగి, "ముందు పోస్టులో ఏమైనా చెప్పమంటావా?" అని అడిగారు. "అక్కర్లేదండి, మా అనూ వెళ్ళింది. వచ్చేస్తుంది" అన్నాను. గొప్పగానే అన్నాను. ఆఖరి జంట కూడా వెళ్ళిపోయింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. కాఫీ తోట లారీ ఒకటి కిందికి వెళ్తుంటే డ్రైవరు ఎక్కమని సైగ చేశాడు. తల అడ్డంగా ఊపాను. తర్వాత కట్టెల మోపు దించుకుని ఒక కొండ ఆడమనిషి నా పక్కన కూర్చుంది. ఆమె మాటల్లో తెలుగు కొంచెం, మిగతాది నాకు తెలియని భాష. సొరకాయ బుర్రలోంచి ఆకుదొన్నెలోకి చోడి అంబలి పోసిచ్చింది. మన రాగుల్ని వాళ్ళు చోళ్ళంటారు. పుల్లగా, చల్లగా ఉంది. రోడ్డుకేసి, నాకేసి చూసి, "ఎవురొస్తారు?" అని అడిగింది. "మా స్నేహితురాలు" అన్నాను. ఆమె సూర్యుడికేసి చూసి, "రాదు. నడువు" అంది. అంతే, మోపెత్తుకుని వెళ్ళిపోయింది. నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది.

కానీ లేచాను. అనూరాధకి ఏమైనా అయిందేమో, ఏ లోయలోనో పడిందేమో అన్న భయంతో లేచాను. తెగిన చెయిను మెడలో వేసుకుని సైకిలు నెట్టుకుంటూ ఎక్కాను. ప్రతి మలుపులోనూ కిందికి తొంగి చూసి "అనూ!" అని కేకలేశాను. కొండ ఆ కేకని తిప్పి కొట్టేది. అలా రెండు గంటలు. గొంతు పోయింది. కొండ నెత్తి దాటాక రోడ్డు ఒక్కసారిగా అవతలి వైపుకి వంగింది. చెయిను లేకపోయినా దిగుడుకి సైకిలు ఎక్కొచ్చు కదా అని అప్పుడు తట్టింది. ఎక్కి కూర్చుని బ్రేకులు వదిలాను. పుట్టి బుద్ధెరిగాక, తొక్కకుండా సైకిలు అంత దూరం కదలడం నేనెరగను. ఆ దిగుడు మాత్రం నాకు ఎవరూ ఇవ్వకుండా, ఎవరూ తీసుకోకుండా దొరికింది. ఓణీ కొంగు జెండాలా కొట్టుకుంటోంది, మెడలో చెయిను గలగలమంటోంది, నేను ఏడుస్తూ నవ్వుతున్నాను.

రెండో పోస్టు ఒరిస్సా వైపు ఒక చిన్న ఊళ్ళో, బడి వరండాలో. అక్కడి ఆయన బల్ల మడిచేస్తున్నాడు. శ్రీకాకుళం మాట.

"ఎవులమ్మా నువ్వు?"

"బందరు కాలేజీ అండి. నాంచారమ్మ. మా అనూరాధ ఏదండీ? బాగానే ఉందా?"

ఆయన పుస్తకం తీసి వేలు పెట్టి చూశాడు. "నాంచారమ్మ జొరం వచ్చి దిగిపోనాదని రాసుందే! తోట లారీలో కిందకెళిపోతానందట. ఇదిగో, సంతకం పెట్టిన చీటీ కూడా అంటించి ఉంది."

చూశాను. చాకి అదే దీర్ఘం. కింద గీత. అచ్చు నాదే. దాని పక్కనే, జంట మారినట్టు అనూరాధ పేరు, విశాఖపట్నం అమ్మాయి ఎవరిదో పేరు. ఆ అమ్మాయి జంట మణికట్టు బెణికి ఇక్కడే ఆగిపోయిందట, కొత్త జంట దొరక్క ఈమె ఏడుస్తూ కూర్చుందట, అంతలో మా అనూరాధ వచ్చిందట. "దారిలో ఒక పిల్ల కూకుందని ఎవులో చెప్పినారు. లారీ కోసమనుకున్నాం తల్లీ" అన్నాడు ఆయన. అప్పుడే నా మెడలో చెయిను చూశాడు. ఇంకేం అడక్కుండా పెట్టె తెరిచి, కొత్త పిన్ను వేసి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. పది నిమిషాల పని.

అక్కణ్ణించి చివరిదాకా తొక్కాను. ఎలా తొక్కానో గుర్తులేదు. పొద్దు వాలుతుండగా చేరాను. ఫొటోలు తీస్తున్నారు. అనూరాధ మెడలో బంతిపూల దండ. రెండో స్థానం. నన్ను చూడగానే దాని మొహం తెల్లగా పాలిపోయింది. ఒక్క క్షణం. తర్వాత గబగబా వచ్చి నన్ను కావిలించుకుని, అందరికీ వినపడేలా, "వచ్చేశావా! జ్వరంతో ఎందుకే ఇంత దూరం?" అంది. నా చెవి దగ్గర దాని గుండె దడదడలాడడం వినపడుతోంది. 

మాతో వచ్చిన మాస్టారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆయన నన్ను గుడారం వెనక్కి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇప్పుడు గొడవ చేస్తే ఇద్దర్నీ కాదంటారమ్మా. కాలేజీ పేరు పోతుంది. మన దగ్గర్నుంచి ఒక్కరైనా వెళ్తున్నారుగా" అన్నారు.

"అది నా సంతకం కాదు మాస్టారూ."

"తెలుసు. ఆటల గది పుస్తకంలో నీ సంతకం ఎవరు పెడుతున్నారో నాకు తెలీదా?" అన్నారు ఆయన. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "వాళ్ళ నాన్నగారు మన కాలేజీకి కావలసిన మనిషి. సర్దుకోమ్మా" అన్నారు.

గంప కట్టిన సైకిలు చూసి నన్ను గ్రౌండుకి పిలిచింది ఆయనే. ఆ రోజు ఎవరు నాకు ఎక్కువ అన్యాయం చేశారో తూకం వేయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మర్నాడు పగటి రైల్లో అనూరాధ నా పక్కనే కూర్చుంది. ఒక స్టేషన్లో జాంపండ్లు కొని ఒకటి నా ఒళ్ళో పెట్టింది. "లేకపోతే నాకు పెళ్ళి చేసేసేవాళ్ళే" అంది. కాసేపటికి అలసటతో నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. నేను కదల్లేదు. గోదావరి వంతెన దాటేదాకా భుజం తిమ్మిరెక్కిపోయినా కదల్లేదు. అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్ని కదా అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది అబద్ధం. అడిగినా ఇచ్చేదాన్ని కాదు. మా ఇంటికి ఆ ఉద్యోగం అంత అవసరం. ఆ సంగతి దానికి తెలుసు. అందుకే అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప తోముతోంది. తలెత్తి, "ఏమే, గెలిచావా?" అంది.

"లేదమ్మా. జ్వరమొచ్చి మధ్యలో దిగిపోయాను" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పుడైతే చెప్పగలను. నిజం చెప్తే అమ్మ ఆ కత్తిపీట అక్కడే వదిలేసి గుడివాడ బస్సెక్కుతుంది. వాళ్ళ వాకిట్లో నిలబడి నోరెత్తుతుంది. చేపలమ్మే దాని నోరు చూడమని వాళ్ళంటారు. వసారాలో కూర్చుని తిన్న అన్నం నాకు గుర్తొచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. నమ్మి మోసపోయానని చెప్పడానికి నాకు సిగ్గేసింది. అమ్మ చెయ్యి కడుక్కుని నా నుదుటి మీద పెట్టి, "ఇంకా వెచ్చగానే ఉందే" అంది. మిరియాల చారు కాచింది, మెత్తగా అన్నం వండింది, అరికాళ్ళకి ఆముదం రాసింది. రెండు రోజులు నన్ను మంచం దిగనివ్వలేదు. రాని జ్వరానికి నేను అంత సేవ చేయించుకున్నాను. అమ్మ పోయి పదేళ్ళు దాటింది. ఆ నిజం తెలియకుండానే పోయింది.

అనూరాధ ఉత్తరాదికి వెళ్ళింది. పెళ్ళి ఆగింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో ఆడపిల్లలకి సైకిలు శిక్షణ ఇస్తుంది. నేను లావు టైర్ల సైకిలు మళ్ళీ ముట్టుకోలేదు. గంప సైకిలు మాత్రం డిగ్రీ అయ్యేదాకా తొక్కాను. టీచరు ట్రైనింగు చేసి, మొదట కోడూరులో, తర్వాత బంటుమిల్లిలో పనిచేశాను. చెడిపోయిన బతుకేమీ కాదు నాది. ఇప్పుడు మంగినపూడి రోడ్డు వెడల్పయింది. పల్లెలో ఆడవాళ్ళు ఐసు పెట్టెలతో ఆటోల్లో వెళ్తున్నారు, ఏ కండక్టరునీ బతిమాలే పని లేదు. బంటుమిల్లి చుట్టూ వరి పోయి చేపల చెరువులొచ్చాయి. ఆదివారం పొద్దున్న శిరస్త్రాణాలు పెట్టుకున్న డాక్టర్లు, వ్యాపారులు ఖరీదైన సైకిళ్ళ మీద సముద్రం దాకా వెళ్ళి, సెల్ఫీలు తీసుకుని వస్తున్నారు. చెయిను తెగితే జేబులో ఫోనుంది. ఎవరి మాట మీద ఆధారపడి మలుపులో కూర్చోనక్కర్లేదు. మంచిదే. కానీ ఆ తర్వాత ఎవరైనా "నువ్విక్కడే ఉండు, వచ్చేస్తాను" అంటే నేనూ లేచి వాళ్ళ వెంటే బయల్దేరేదాన్ని. నా భర్త మందుల షాపుకి వెళ్తూ అన్నా అంతే. పెళ్ళైన కొత్తలో ఆయన ఇది అర్థంకాక చాలా నొచ్చుకున్నారు.

మొన్న సభ అయ్యాక భోజనాల దగ్గర అనూరాధ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతులు కడిగే కుళాయిల దగ్గర ఇద్దరమే ఉన్నాం. "ఏంటే, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోతున్నావ్?" అంది.

"అనూ, నాకు జ్వరం రాలేదు."

నవ్వబోయింది. "ఇప్పుడిలా అంటావేంటే? నీకు జ్వరమే. పిన్ని నాతో చెప్పింది."

"మా అమ్మా?"

"ఉత్తరాదికి వెళ్ళేముందు ఒకరోజు మీ ఇంటికొచ్చాను. నువ్వు లేవు. అంతా చెప్పేసి పిన్ని కాళ్ళు పట్టుకుందామనే వచ్చాను నాంచీ, ఒట్టు. నోరు తెరిచేలోపే, 'మా పిల్ల జ్వరమొచ్చి దిగిపోయింది, నువ్వన్నా గెలిచావు, అదే చాలు తల్లీ' అని నన్ను దగ్గరికి తీసుకుంది. నెత్తళ్ళు పొట్లం కట్టిచ్చింది. నువ్వు నన్ను క్షమించేశావనుకున్నాను. అందుకే ఇంట్లో అలా చెప్పావనుకున్నాను. బస్సులో ఏడ్చేశాను. తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను. చెప్పగా చెప్పగా…"

అమ్మ ఆ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు. గెలిచి వెళ్తున్న పిల్ల మాటెత్తితే నేను బాధపడతాననుకుని ఉంటుంది. నేను దాచిన నిజం మీద నిలబడి అమ్మ అనూరాధని దీవించి పంపింది. 

"నేను మా అమ్మకి అబద్ధం చెప్పాను అనూ. నిన్ను క్షమించలేదు. అవి రెండూ ఒకటి కాదు. ఆ చీటీ మీద సంతకం ఎవరు పెట్టారు?"

అనూరాధ కుళాయి తిప్పింది. కుళాయి ధార కింద తన చేతులు చూసుకుంటూ, "నేనే" అంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఒక్క మాట నేను విన్నాను. విన్నాక తేలికపడతానని ఎప్పుడూ అనుకునేదాన్ని. తేలికపడలేదు.

"మరి నీ కథ విన్న పిల్లలకి చెప్తావా?"

"ఎలా చెప్పనే? నలభై మంది ఆడపిల్లలు నా దగ్గర నేర్చుకుంటున్నారు. వాళ్ళ మొహం ఎలా చూడను?"

"నువ్వు చెప్పకపోతే నేను రాస్తాను."

అప్పుడు నా మొహంలోకి చూసింది. వసారాలో విస్తరి ముందు కూర్చున్న పిల్ల అక్కడెక్కడైనా ఉందేమోనని నేనూ చూశాను. "రాయి. నీ ఇష్టం" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నా పేరు రాస్తావా?" అంది.

రాయనని చెప్పాను. రాయలేదు. అనూరాధ తన పేరు కాదు. నాంచారమ్మ మాత్రం నా పేరే.